పెండ్లి బండికి పద్మమ్మ పసుపు

ఆ పికప్ బండిని కొన్నవాడికి బుద్ధి లేదు, అమ్మినవాడికి సిగ్గు లేదు, దాన్ని ఏళ్ళ తరబడి బాగుచేసిన నాకు రెండూ లేవు. యుద్ధం అయిపోయాక సికింద్రాబాదులో మిలిటరీ వాళ్ళు వేలం వేసిన సరుకు అది. మెదక్‌లో మా షెడ్డుకు అవతలి సందులో ఉండే పటేలు దాన్ని పాడుకుని తెచ్చి, ముందు భాగాన నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, ఊరంతా తిప్పి చూపించాడు. ఆ తర్వాత అది నడిచింది తక్కువ, నిలబడింది ఎక్కువ. నిలబడ్డప్పుడల్లా "బద్రుద్దీన్‌ను పిలువుండ్రి" అని నాకు కబురు. పానాలు సంచిలో వేసుకుని, దాని వంశమంతటినీ తిట్టుకుంటూ పోయేవాడిని.

పద్మమ్మ గురించి చెప్పాలని కూర్చున్నాను, నోరు బండి మీదికే పోతున్నది. ఏం చేయను, మెకానిక్కు నోరు. అయినా ఆ బండి లేకపోతే నాకు పద్మమ్మ అనే మనిషి ఒకరున్నారని తెలిసేదే కాదు. ఆ ఇంటి ముందు వాకిట్లో ఆమె ఎన్నడూ కనిపించేది కాదు.

ఆమె పటేలుకు వదిన. అన్న భార్య. కాపురానికి వచ్చిన కొత్తల్లోనే మొగుడు జ్వరంతో పోయాడు. పుట్టింటివాళ్ళు వచ్చి ఏడ్చి వెళ్ళారు గానీ వెంట తీసుకుపోలేదు. ఇంటి వెనకాల బావి దగ్గర ఒక అర్ర ఇచ్చారు, ఒక పొయ్యి ఇచ్చారు. అక్కడే ఉండిపోయింది. తర్వాత పటేలు భార్య కొడుకును కని కన్ను మూసింది. పసిగుడ్డును ఎవరు చూడాలి? ముసలి అత్త నర్సమ్మ ఆ బిడ్డను తెచ్చి పద్మమ్మ ఒళ్ళో వేసింది. దూదివత్తి ఆవుపాలలో ముంచి నోట్లో పెట్టి బతికించిందట. ఆ పిల్లవాడే ఇంద్రకరణ్. పెద్దమ్మా, పెద్దమ్మా అంటూ ఆమె కొంగు పట్టుకునే పెరిగాడు.

బండిని బాగుచేయాలంటే వెనక దొడ్లోకి తోసుకుపోవాలి, నీళ్ళు అక్కడే ఉంటాయి కాబట్టి. నేను బండి కింద పడుకుంటే ఆమె అర్ర లోపలి నుంచి అడిగేది.

"మోటరుకు ఏమైంది సాయిబన్నా?"

"దప్పికైందమ్మా. ఎంత పోసినా తాగుతుంది, తాగినదంతా కక్కుతుంది."

కాసేపటికి మజ్జిగ గ్లాసు ఆమె అర్ర ముందరి పిట్టగోడ మీద ఉండేది. నేను తాగి, కడిగి, మళ్ళీ గోడ మీదే పెట్టేవాడిని. మా మధ్య మాటలు అంతే. మా ఆవిడ సాలెహా పోయాక నాకూ ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు. పిల్లలు లేరు. అన్నం హోటల్లో, నిద్ర షెడ్డులో. ఒంటరివాళ్ళకు ఎవరైనా దొరికితే చాలు వాగుతారని అంటారు. అబద్ధం. మాట్లాడే అలవాటే తప్పిపోతుంది, నోరు తెరిస్తే ఏమనాలో తెలియదు. అందుకే ఆ గోడ దగ్గర ఆ నాలుగు మాటలు నాకు చాలా ఎక్కువగా ఉండేవి.

ఇంద్రకరణ్‌కు సంబంధం కుదిరింది. పిల్ల అల్లాదుర్గ్ వాళ్ళ బిడ్డ, పేరు బాలమణి. పెండ్లి అక్కడే. కబురు తెలిసిన రోజున నేను బండి ఫ్యాన్ పట్టా మారుస్తున్నాను. పద్మమ్మ మొదటిసారి నా ఎదుటే గుమ్మం దాటి వచ్చి, బావి గట్టు మీద కూర్చుంది.

"వాని పెండ్లిల నా చెయ్యి ఒక్కటన్న పడాలె సాయిబన్నా" అంది. "పెద్ద పనేం అడుగుత లేను. బియ్యం చెరుగమంటె చెరుగుత, తోరణాలకు ఆకులు గుచ్చమంటె గుచ్చుత. ఏదో ఒకటి. ఇంత పెంచిన, నా చెయ్యి పడకుంటెనే వాని పెండ్లి అయిపోతదా?"

అడగాల్సిన చోట అడిగిందట కూడా. నర్సమ్మ చెడ్డ మనిషి కాదు. "నువ్వే పెంచినవ్, కాదన్ననా? గని శుభానికి శుభమైన చెయ్యే పడాలె బిడ్డా. వానికి మంచి జరగాలని నీకు మాత్రం ఉండదా?" అందట. ఆ చివరి మాటకు బదులేం చెప్తారు?

పసుపు దంచే రోజు ఊళ్ళోని ముత్తైదువలంతా వచ్చారు. ముందు వాకిట్లో రోలు, రోకళ్ళు, పాటలు. నేను వెనక బ్రేకులు చూస్తున్నాను. పద్మమ్మ అర్ర తలుపు వేసి ఉంది. ఆ రోజు గోడ మీద మజ్జిగ గ్లాసు కూడా లేదు. ఇంద్రకరణ్ ఒకసారి వెనక్కి వచ్చాడు. తలుపు ముందు నిలబడ్డాడు. తట్టబోయి చెయ్యి దించుకుని వెళ్ళిపోయాడు. మంచి పిల్లవాడే, కానీ నాయనమ్మ అంటే హడల్. నా చేతిలో పానా ఉంది, వాడి నెత్తిన ఒకటి పెడదామా అనిపించింది.

పెండ్లికి పోయే రోజు వచ్చింది. చుట్టాలంతా ముందు రోజే ఎడ్ల బండ్లలో వెళ్ళిపోయారు. పెండ్లికొడుకు, నర్సమ్మ, పటేలు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తెల్లవారగానే పికప్‌లో బయలుదేరాలి. ముహూర్తం మధ్యాహ్నానికి. తెల్లవారీ తెల్లవారక ముందే డ్రైవర్ జకరయ్య మా షెడ్డు తలుపు మీద రెండు చేతులతో దబదబా కొట్టాడు.

"బద్రూ భాయ్, లెవ్వు! బండి కింద చెరువైంది!"

వెళ్ళి చూస్తే నిజమే. ముందు వాకిట్లో ముగ్గుల మధ్య బండి నిలబెట్టి పూలదండ వేశారు. దాని కింద ముగ్గంతా కొట్టుకుపోయింది. రేడియేటర్ లోపల నీళ్ళు పారే సన్నటి గొట్టాలు వరుసగా ఉంటాయి కదా, అడుగున ఒకదానికి రాయి తగిలి చిల్లు పడింది. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ళన్నీ అందులోంచి కారిపోతున్నాయి. అలాగే నడిపితే పెద్ద వాగు దాటకముందే ఇంజన్ పొగలు కక్కి బిగుసుకుపోతుంది.

"అతుకు పెట్టు" అన్నాడు పటేలు.

"అతుకు పెట్టాలంటె రేడియేటర్ ఇప్పాలె, ఎండవెట్టాలె, కొలిమిల కడ్డి కాల్చి, రాంగ కరిగించి చిల్లు మీద పొయ్యాలె. పగటీలి అయితది పటేలా."

"పగటీలికి నా కొడుకు పీటల మీద ఉండాలె!" అని అరిచాడు. నేనేదో ఆ చిల్లు నా చేత్తో పొడిచినట్టు.

సరే అని కింద దూరాను. పటకారుతో ఆ గొట్టాన్ని చిల్లుకు అటూ ఇటూ నొక్కాను. సబ్బు మెత్తగా పిసికి కూరాను. ధార ఆగింది గానీ చెమ్మ ఆగలేదు. చుక్క, చుక్క. దీనికి మందు ఒకటే, లారీ లైన్లో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. వేడినీళ్ళలో పసుపు కలిపి రేడియేటర్‌లో పోసి ఇంజన్ నడిపించాలి. ఆ పొడి నీళ్ళతో పాటు తిరిగి తిరిగి, చిల్లు దగ్గర చిక్కుకుని, ఉబ్బి, పేరుకుని మూసేస్తుంది. శాశ్వతం కాదు, కానీ నాలుగు రోజులు నిలుస్తుంది.

పెండ్లి ఇంట్లో పసుపుకు కొదువా? గుమ్మం దగ్గర నిలబడి అడిగాను. నర్సమ్మ నన్ను పై నుంచి కిందికి చూసింది.

"గిదేం అడుగుడు సాయిబూ? పిలగానికి కంకణం కట్టినం. కంకణం కట్టినంక ఇంట్ల పసుపు గడప దాటొద్దు. ఆ ఇనుపదాని నోట్లె పోసెతందుకా? లచ్చిమి ఎల్లిపోతది!"

"పసుపు పోకుంటె బండి పోదమ్మా."

"పోకుంటె ఎడ్లబండి కడ్తరు. పసుపు మాత్రం ఇయ్య."

పటేలు తల్లికి ఎదురు చెప్పలేదు. బజారు ఇంకా తెరవలేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు, నర్సమ్మ ఇవ్వనన్నాక వాళ్ళెవరూ ఇవ్వరు. ఇక మా ఇల్లు. సాలెహా ఉన్న రోజుల్లో పొయ్యి పక్కన అల్యూమినియం డబ్బాలు వరసగా ఉండేవి. ఆమె పోయాక వాటి మూత తీసింది లేదు, అందులో ఉన్నది పసుపో పురుగులో నాకే తెలియదు.

నీళ్ళ కోసం బొక్కెన పట్టుకుని వెనక్కి వెళ్ళాను. పద్మమ్మ అర్ర తలుపు వేసే ఉంది. పెండ్లికొడుకు బయలుదేరేటప్పుడు ఆమె ఎదురు రాకూడదు కాబట్టి తనే లోపల గడియ పెట్టుకుంది. ఆమె పొయ్యి గుర్తొచ్చింది. బావి పక్కన ఆమె వేసుకున్న పసుపు కొమ్ముల మడి గుర్తొచ్చింది. నాకేమీ తెలియదని అనుకోకండి. ఏ గుమ్మం ముందు ఏం అడగకూడదో ఈ ఊళ్ళో పుట్టిన తురక పిల్లవాడికి కూడా తెలుసు. కానీ పసుపు కావాలి, అది అక్కడుంది.

"అమ్మా, జర పసుపున్నదా?"

గడియ తీసిన చప్పుడైంది. తలుపు సందులోంచి ఆమె ముఖం సగమే కనిపించింది.

"ఎవర్ని అడుగుతున్నవ్ సాయిబన్నా?"

"నిన్నేనమ్మా. బండి కారుతుంది. మీ అత్త ఇయ్యనన్నది."

"నన్ను పసుపడిగి ఎన్నేండ్లాయెనో" అంది. తర్వాత గబగబా అంది, "వద్దు, వద్దు. నా శేతిది పెండ్లి బండికి పోస్తరా? వానికేమన్న అయితె?"

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆమె మీద కాదు. ఎవరి మీదో చెప్పలేను, పొద్దుటి నుంచి అందరి మీదా ఉంది.

"బండికి బొట్టున్నదా అమ్మా, మొగడున్నడా? దానికేం ఎరుక ఎవరి పసుపో! ఇయ్యకుంటె మాత్రం నడిమి తొవ్వల ఇంజన్ పట్టేసి ముహూర్తం తప్పుతది. అప్పుడైతె మంచిగుంటదా పిలగానికి?"

ఆమె లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి, వాటిని నా బొక్కెనలో పోసింది. ఇత్తడి డబ్బా తెచ్చి మూత తీసింది. సొంతంగా పండించి, ఉడికించి, ఎండబెట్టి, ఒంటరిగా దంచుకున్న పసుపు అది, కూరల్లోకి. నేను చెయ్యి చాచాను. ఆమె ఇవ్వలేదు.

"ఆగు. నేనే ఏస్త."

గుప్పెడు తీసి నీళ్ళ మీద వదిలింది. మళ్ళీ ఒక గుప్పెడు. చాలమ్మా అన్నా వినలేదు. వేళ్ళకు అంటినది కూడా బొక్కెన అంచుకు రాసి దులిపింది.

"పడ్డది సాయిబన్నా" అంది. "నా చెయ్యి పడ్డది. ఎవరికి చెప్పకు. నువ్వు వాణ్ణి చూసొచ్చి నాకు చెప్పు."

బొక్కెన మీద గుడ్డ కప్పి ముందుకు తెచ్చాను. రేడియేటర్‌లో పోసి జకరయ్యను ఇంజన్ స్టార్ట్ చేయమన్నాను. కింద పడుకుని చూస్తున్నాను. తెల్లటి చుక్కలు పచ్చబడ్డాయి. చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం పెరిగింది. ఒక చుక్క ఉబ్బి, రాలకుండా అక్కడే నిలబడి, ముద్దలా ఆరిపోయింది. సచ్చినదానా, ఆగినవా అని దాన్ని ముద్దుగా తిట్టాను. మూత మాత్రం గట్టిగా బిగించలేదు. బిగిస్తే లోపలి ఆవిరి ఆ పసుపు ముద్దను తోసేస్తుంది.

"నువ్వు రాకుంటె నేను బండి తియ్య" అని జకరయ్య మొండికేశాడు. అలా నేను నూనె మరకల అంగీతో పెండ్లి బండి ఎక్కాను. పెండ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఉందని నర్సమ్మ ముఖం చూస్తేనే తెలుస్తున్నది. ఎక్కనిచ్చింది, గత్యంతరం లేక.

దారిలో రెండుసార్లు ఆపి చూశాను. చిల్లు పొడిగా ఉంది. ముహూర్తానికి ముందే చేరాం. నేను పందిరి బయట నిలబడి, నా జన్మలో ఏ ఇంజన్‌నూ చూడనంత శ్రద్ధగా ఆ పెండ్లి చూశాను. ఏది ముందు, ఏది వెనక, వాడు ఏ రంగు కండువా వేసుకున్నాడు, తాళి కట్టేటప్పుడు చెయ్యి వణికిందా లేదా. అన్నీ గుర్తు పెట్టుకోవాలి కదా.

మర్నాడు కోడలిని తీసుకుని తిరిగి వచ్చాం. మంచి ఎండ. బాలమణి ముందు సీట్లో తల వంచుకుని కూర్చుంది. బండి వాకిట్లో ఆగింది, జకరయ్య ఇంజన్ ఆపాడు. వేడి మీదున్న ఇంజన్ ఆపితే లోపలి నీళ్ళు ఒక్కసారి పొంగుతాయి. మూత వదులుగా ఉంది. పొంగిన నీళ్ళు పక్క గొట్టంలోంచి బుస్సుమంటూ వాకిట్లోకి చిమ్మాయి. పచ్చగా. చిక్కగా. కోడలు కాలు దించబోయే చోటనే.

తిట్లు తినడానికి సిద్ధమయ్యాను. నర్సమ్మ రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది.

"అగో, సూడుండ్రి! కోడలొస్తుందని బండి గూడ పసుపు నీళ్ళు సల్లుతుంది!"

ఆడవాళ్ళంతా నవ్వులు, కేకలు. బాలమణి ఆ తడిలోనే పాదం పెట్టి దిగింది. గుమ్మం దాకా సున్నపు బండల మీద ఆమె అడుగులు పచ్చగా పడ్డాయి. నర్సమ్మ నా వైపు తిరిగింది.

"నేనియ్యకపోతి గద సాయిబూ, పసుపు యాడిది?"

మాట నా నాలుక చివర ఉంది. చెప్పేద్దును. అందరి ముందూ, పెండ్లికొడుకు ముందూ, గొంతెత్తి చెప్పేద్దును. ఆ ఇంటి ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా దారి సూటిగా కనబడుతుంది. ఆ చివర తలుపు కొంచెం తెరిచి ఉంది. సందులో తెల్ల చీర కొంగు. పద్మమ్మ తల అడ్డంగా ఊపింది. వద్దు అని. నాకు అర్థమైంది. చెబితే ఇవాళ ఒక నిమిషం నోళ్ళు మూతపడతాయి. రేపు ఆ కోడలికి తలనొప్పి వచ్చినా, పొలంలో పంట ఎండినా, ఆ గుప్పెడు పసుపు మీదికే వస్తుంది.

"ఇచ్చేటోళ్ళు ఇచ్చిన్రమ్మా" అన్నాను.

"ఎవరో గని పుణ్యాత్మురాలు. ముత్తైదువ శెయ్యి పడ్డది. ఆమె పసుపుకుంకాలు సల్లగుండ!"

వెనక తలుపు మూసుకుంది.

ఆ సాయంత్రం బండి చూసే నెపంతో దొడ్లోకి వెళ్ళి, గోడ పక్కన నిలబడి పెండ్లి అంతా చెప్పాను. సరిగ్గా చెప్పడం రాలేదు. తలంబ్రాలు ఎట్ల పోసిండని అడిగితే, రేడియేటర్‌లో నీళ్ళు పోసినట్టు ఒక్కసారి గుమ్మరించిండని చెప్పాను. ఆమె మళ్ళీ మళ్ళీ అడిగింది. నవ్విండా? అన్నం తిన్నడా? నా పేరు తీసిండా? చివరిదానికి నేను బండి మూత బిగిస్తున్నట్టు నటించాను.

"అత్త నన్ను ముత్తైదువ అన్నది, ఇన్నవా?" అని నవ్వింది. నవ్వి నవ్వి కొంగు కళ్ళకు ఒత్తుకుంది. నేను గోడకు ఇవతలే ఉండిపోయాను. అవతలికి పోయి ఒక మాట అనడానికి నేనెవరిని? షెడ్డుకు వచ్చి పడుకున్నాను.

తర్వాత ఇంద్రకరణ్ కాపురం మిద్దె మీది గదిలో మొదలైంది. వెనక దొడ్లోకి రావడం తగ్గింది, ఆ తర్వాత పండుగలకే వచ్చేవాడు. వాడి తప్పని కూడా అనలేను, వయసు అలాంటిది. గోడ మీద మజ్జిగ గ్లాసు మాత్రం వస్తూనే ఉంది.

వానలు పడ్డాక పటేలు, అప్పటిదాకా దొడ్లోనే నిలబెట్టిన బండిని పూర్తిగా బాగుచేయమన్నాడు. రేడియేటర్ విప్పాను. పసుపు అడుగున గట్టిపడి ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే గొట్టాలన్నీ పూడుకుపోతాయి, కడగక తప్పదు. రేడియేటర్‌ను బావి గట్టున తిరగేసి పెట్టి, సన్న కర్రతో కదిలించి నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. పద్మమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"కడిగేస్తున్నవా సాయిబన్నా?"

"కడగాలె అమ్మా. చిల్లుకు ఇప్పుడు రాంగ పోస్త. ఇగ దీంతోని పని లేదు."

పచ్చటి నీళ్ళు బండల మీదుగా పారి పసుపు మడి వైపు పోతున్నాయి. ఆమె ఒకసారి ఇంటి వైపు చూసింది. ఎవరూ లేరు. గుమ్మం దిగి వచ్చి, ఆ పారే నీళ్ళలో ఒక కాలు పెట్టింది. రెండో కాలూ పెట్టింది. మొగుడు పోయిన రోజు నుంచి పసుపు ఎరగని పాదాలు. వేళ్ళ సందుల్లోంచి పచ్చగా పారుతున్నాయి నీళ్ళు. ఆమె కదలకుండా, తల వంచుకుని వాటినే చూస్తున్నది.

నేను అటు తిరిగి కూర్చుని నీళ్ళు పోస్తూనే ఉన్నాను. బొక్కెన తర్వాత బొక్కెన. కాసేపటికి నీళ్ళు తేటగా వచ్చాయి.

"అయిపోయిందమ్మా" అన్నాను, వెనక్కి చూడకుండా. "ఇగ ఉత్త నీళ్ళే."

"ఉత్త నీళ్ళే అయితేంది" అంది. "ఇంకో బొక్కెన పొయ్యి సాయిబన్నా."

బావిలో బొక్కెన వేశాను.